గురికి మౌస్, నడకకి జాయ్‌స్టిక్

కావలిలో మా బావ వాళ్ళ మేడమీద గదిలో ఈ వేసవంతా మెక్‌వారియర్ 5 అనే కంప్యూటర్ గేమ్ ఆడుతున్నాం. అందులో మెక్ అంటే మనం లోపల కూర్చుని నడిపే పెద్ద యుద్ధ రోబో. బావ జాయ్‌స్టిక్ వదలడు. "మౌస్‌తో మెక్ నడపడం ఏందిరా అబ్బాయ్" అంటాడు.

గురి విషయంలో మాత్రం మౌస్‌దే పైచేయి. చెయ్యి ఎంత జరిపితే గురి అంతే జరుగుతుంది, ఆపితే ఆగుతుంది. జాయ్‌స్టిక్ మామూలుగా అట్లా కాదు. వంచి పట్టుకున్నంతసేపూ గురి కదులుతూనే ఉంటుంది, మళ్ళీ నడిమికి తెచ్చి ఆపాలి. లేజర్‌ని కాసేపు ఒకేచోట పట్టి ఉంచితేనే దెబ్బ పూర్తిగా తగులుతుంది. ఎదుటి మెక్ మోకాలి మీద పెట్టిన గీత పక్కకి జారిందా, దెబ్బ వృథా, కాల్చినందుకు వేడెక్కేది మాత్రం మన మెక్కే.

అయినా బావ స్టిక్ నా చేతికిచ్చినప్పుడు కలిగే ఆనందం వేరు. మెక్ కాళ్ళు ఒక దిక్కు నడుస్తుంటే నడుము పైభాగం ఇంకో దిక్కు తిరుగుతుంది కదా! థ్రాటిల్ (వేగం పెంచి తగ్గించే మీట) సగానికి పెట్టి వదిలేసి, స్టిక్ మెల్లగా వంచితే అట్లాస్ అనే 100 టన్నుల మెక్ బద్ధకంగా అటు తిరుగుతుంది. ఆ బరువు మణికట్టుకి తెలుస్తుంది. మౌస్‌తో నాకు అది ఎప్పుడూ తెలియలేదు. 2002లో క్యాప్‌కామ్ వాళ్ళు స్టీల్ బెటాలియన్ అనే ఇట్లాంటి రోబో గేమ్ కోసం రెండు స్టిక్‌లు, మూడు పెడళ్ళు, సుమారు 40 బటన్లతో ప్రత్యేకంగా కంట్రోలరే చేశారంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నాకు కుదిరింది కుడిచేతికి మౌస్, ఎడమచేతికి థ్రాటిల్. ఆ థ్రాటిల్ బావది. నెల్లూరులో, ఒంగోలులో అడిగాను, విడిగా దొరకలేదు. ఎవరి దగ్గరైనా పాతది ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.