కవారిమి నాలుగే

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర నోరు జారాను. నరుటో అనే నింజా మాంగా (జపనీస్ కామిక్స్) మీద చేసిన వీడియో గేముల మాట వస్తే, "అవేం ఫైటింగ్ గేములండీ, ఒకటే బటన్ టకటకా నొక్కితే చాలు. అసలైన ఫైటింగ్ గేమ్ చేయడం మన యొకొహామా వాళ్లకే తెలుసు" అన్నాను, నాకొచ్చిన ముక్కల జపనీస్‌లో. ఎదురుగా కూర్చున్న సీనియర్ చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, "మాంగా చదివారా?" అని అడిగారు. లేదన్నాను. "సో దెస్ క" అని మళ్లీ తినడం మొదలుపెట్టారు.

అలాగా అని అర్థం, అంతే. తిట్టినా బాగుండేది. మనవాళ్లయితే నీకేం తెలుసురా అని మీద పడేవాళ్లు, సాయంత్రం టీ దగ్గరికల్లా మర్చిపోయేవాళ్లం. ఇక్కడ ఎవరూ మీద పడరు. ఆ "అలాగా"ని మూడు రోజులు నమిలాను. నాలుగేళ్లుగా ఇక్కడున్నా నువ్వు బయటివాడివే అన్నారా? మాంగా చదవకపోతే ఆట గురించి మాట్లాడకూడదా? ఆ పుస్తకాలు మాకు ఎక్కడ దొరికాయని? సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూసి పెరిగినవాళ్లం!

అయినా నేనన్నదాంట్లో తప్పేముంది? ఫైటింగ్ గేములు చేసే ఆర్క్ సిస్టమ్ వర్క్స్ కంపెనీ 1988 నుంచీ ఉంది, ఆఫీసు యొకొహామాలోనే. 1998లో గిల్టీ గేర్ అనే ఆట తెచ్చింది. అప్పట్లో బొమ్మలన్నీ చేత్తో గీసిన 2డి. 2014లో అదే వరసలో ఎక్స్‌ఆర్‌డి వచ్చినప్పుడు అందరూ అదీ గీసిందేననుకున్నారు. కాదు, మొత్తం 3డి. కంప్యూటర్‌కి రెండు భంగిమలు ఇస్తే మధ్యలో కదలికను అదే నున్నగా నింపుతుంది. వీళ్లు ఆ నింపడం మాన్పించారు. ప్రతి భంగిమనీ మనిషే కూర్చుని పెట్టాలి. 2015లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వాళ్ల ఆర్టిస్టే ఇదంతా విప్పి చెప్పాడు.

నేను గిల్టీ గేర్ స్ట్రైవ్ ఆడుతూ రికార్డ్ చేసి, ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. సెకనుకి 60 ఫ్రేములు నడిచే ఆటలో బొమ్మ రెండు మూడు ఫ్రేములు కదలకుండా నిలబడుతుంది, ఒక్కసారి తర్వాతి భంగిమలోకి దూకుతుంది. అచ్చం టీవీలో కార్టూన్ కదిలినట్టే. కెమెరా వైపు వచ్చే పిడికిలిని కావాలనే సాగదీస్తారు. ముఖం మీద నీడ ఎక్కడ పడాలో ఆర్టిస్టులే నిర్ణయిస్తారు, ఒక్కో పాత్రకి వేరే లైటు. నిజంలో అలాంటి వెలుగు ఉండదు, బొమ్మలోనే ఉంటుంది. 2018లో డ్రాగన్ బాల్ మాంగా మీద వాళ్లు చేసిన ఫైటర్‌జెడ్ చేతికొచ్చినప్పుడూ ఇదే పనితనం. నామెక్ గ్రహం మీద హీరో గోకుతో విలన్ ఫ్రీజాను గట్టి దెబ్బతో ముగిస్తే, కథలోని ఘట్టమే కళ్ల ముందు జరుగుతుంది. పక్కన సైబర్‌కనెక్ట్2 కంపెనీ చేసిన నరుటో స్టార్మ్ పెడితే నాకు నవ్వే వచ్చేది. ఎవరిని తీసుకున్నా బటన్లు అవే. కంట్రోలర్ మీద త్రికోణం బటన్ నొక్కి గుండ్రం నొక్కితే జుత్సు, అంటే నింజా విద్య, త్రికోణం రెండుసార్లు నొక్కి గుండ్రం నొక్కితే పెద్ద జుత్సు. అయిపోయింది.

శుక్రవారం సాయంత్రం బయల్దేరుతుంటే ఆ సీనియరే వచ్చి, "ఆదివారం ఖాళీయేనా? మా ఇంటికి రండి" అన్నారు. జపాన్‌లో ఒకరి ఇంటి గడప తొక్కడం నాకదే మొదటిసారి. స్వీట్ల డబ్బా పట్టుకెళ్లాను. వట్టి చేతులతో వెళ్లకూడదన్నది ఇక్కడా ఉంది.

వాళ్లబ్బాయికి పదకొండేళ్లు. నన్ను "ఒజిసాన్" అన్నాడు, అంటే అంకుల్. నాకింకా ముప్ఫై రెండే. వాడూ నేనూ స్టార్మ్ 4 పెట్టుకుని కూర్చున్నాం. తొమ్మిది ఆటలు ఆడాం, తొమ్మిదీ వాడే గెలిచాడు. రెండే రెండు బటన్లతో.

అప్పటిదాకా నేను అసలు చూడనే లేదు. దెబ్బ తగలగానే కవారిమి అనే నింజా ఎత్తు వేసి తప్పించుకోవచ్చు, మన చోట దుంగని వదిలేసి ప్రత్యర్థి వెనక తేలొచ్చు. దానికి గేజ్ ఉంది, నాలుగు గడులు. వాడేస్తే మళ్లీ నిండడానికి టైమ్ పడుతుంది. నేను చిన్న దెబ్బకీ ఖర్చుపెట్టి నాలుగూ పారేసుకుంటున్నాను. పిల్లాడేమో నా గడులు లెక్కపెడుతూ, అవి అయిపోయేదాకా గిల్లుతూ ఉండి, అప్పుడు త్రికోణం నొక్కుతున్నాడు. గిల్టీ గేర్‌లో కాంబో, అంటే ఆపకుండా వేసే దెబ్బల వరస, వేళ్లకి రావాలి, నెలలు పడుతుంది. ఇక్కడ వేళ్లకి పనే లేదు, ఎదుటివాడి జేబు మీదే కన్ను.

వాళ్ల నాన్న వెనక కూర్చుని చూస్తున్నారు. పెద్ద జుత్సు పడ్డప్పుడల్లా అది మాంగాలో ఏ యుద్ధమో, అక్కడెవరు చనిపోయారో చెబుతున్నారు. సైబర్‌కనెక్ట్2 ఆటని పాఠకుడి కోసం చేసిందని అప్పుడు అనిపించింది. మొదట చదువుతారు, ఆ పేజీలోకి దూరాలనిపిస్తుంది, అప్పుడు ఆట పెడతారు. ఆర్క్ వాళ్లది ఆటగాడి కోసం. అయినా నా ఓటు ఆర్క్‌కే, ఇప్పటికీ.

మూడో రకం స్పైక్ చున్‌సాఫ్ట్ కంపెనీది. వాళ్ల డ్రాగన్ బాల్ ఆట స్పార్కింగ్ జీరో 2024లో 182 పాత్రలతో వచ్చింది. అందరూ సమానం కావాలన్న పట్టింపే వాళ్లకి లేదు, మామూలు మనిషి మిస్టర్ సేటన్‌ని పట్టుకుని మహాబలుడు బ్రోలీ మీదకి వెళ్లొచ్చు. నిజం చెప్పాలంటే నేను పెరిగింది ఈ వరసలోని పాత ఆట మీదే. ఒకే పీఎస్2 (ప్లేస్టేషన్ 2), ఇద్దరు ఆడుతుంటే వెనక ఏడుగురు అరుపులు. ఎవడికీ బ్యాలెన్స్ గుర్తు రాలేదు. గోకు నాది అంటే నాది అని కొట్టుకోవడమే సగం ఆట. ఆ గదిలో ఇలాంటి తీర్పులు చెప్పుంటే నన్ను ఉతికి ఆరేసేవాళ్లు.

బయల్దేరేటప్పుడు అడిగాను, మీది ఏ ఊరని. ఫుకువోకా అన్నారు. ఇరవై ఏళ్ల కింద ఉద్యోగానికి ఇటొచ్చారట, రైల్లో ఐదు గంటల దారి. అక్కడి యాసలో మాట్లాడితే ఆఫీసులో నవ్వుతారని మానేశారట. సైబర్‌కనెక్ట్2 ప్రధాన ఆఫీసు ఫుకువోకాలోనే. నేను నాలుగేళ్ల అద్దె వాటా పట్టుకుని "మన యొకొహామా" అంటూ, ఎవరి ఊరిని తీసిపారేశానో అప్పుడు అర్థమైంది. సారీ చెబుదామని నోరు తెరిచాను. "కాదులెండి, మీదీ మంచి ఆటే" అని, స్టార్మ్ 4 డిస్క్ చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి ఆ డిస్క్ డబ్బా తెరిస్తే లోపల పిల్లాడి చేతిరాతతో ఒక చీటీ. "ఒజిసాన్, కవారిమి నాలుగే. లెక్కపెట్టుకో."