కరక్కాయ సిరా: మూడో విడత దాకా పద్దు

మూడో విడతకి నలుపు కుదిరింది. మొదటి రెండు విడతల్లో సరుకు అదే. ఒకసారి నీళ్లు చెడగొట్టాయి, ఇంకోసారి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న లవణం) ఎక్కువైంది.

మొదటిది ఒంగోలు బోరు నీళ్లతో కాచింది. అన్నభేది కలిపిన వెంటనే ఊదారంగు బురద అడుగుకు దిగింది, పైన పల్చటి గోధుమ నీళ్లు మిగిలాయి. బోరు నీళ్ల క్షారం సిరాకుండే పులుపును విరిచేస్తుంది. అప్పుడు ఇనుము తొందరగా తుప్పు రూపానికి మారి పేరుకుపోతుంది. ఎంత వడగట్టినా లాభం లేదు, పారబోయాల్సిందే. ఆ తర్వాత నుంచి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే.

రెండోదాంట్లో నలుపు కోసం ఆశపడి అన్నభేది 15 గ్రాములు వేయడం జరిగింది. రాసిన రోజు నిగనిగలాడింది. రెండు వారాలు కిటికీ ఎండలో ఉంచితే అక్షరాల అంచులు గోధుమరంగుకు తిరిగాయి, కాగితం వెనకవైపు కూడా మరకలు తేలాయి. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తేనే నలుపు. వగరుతో జత కుదరని ఇనుము కాగితంలోనే ఉండిపోయి దాన్ని తింటుంది. పాత దస్తావేజుల్లో అక్షరం ఉన్నచోట చిల్లి పడేది ఇలాగే.

మూడో విడత కొలతలు: కరక్కాయ పెచ్చులు 40 గ్రాములు (గింజ తీసేశాక తూకం), నీళ్లు 400 మి.లీ., అన్నభేది 6 గ్రాములు, తుమ్మ జిగురు 8 గ్రాములు, లవంగాలు 4, వెనిగర్ 5 చుక్కలు.

పెచ్చుల్ని రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తటి పొడి చేస్తే వడగట్టడం నరకం. రాత్రంతా నానబెట్టి, స్టీలు గిన్నెలో లవంగాలతో సహా సన్నసెగ మీద 200 మి.లీ.కి దించాలి. ఇనప బాండీ వద్దు, కాచేటప్పుడే లెక్కలేని ఇనుము దిగుతుంది. చల్లారాక మల్లు గుడ్డలో రెండుసార్లు, కాఫీ ఫిల్టర్ కాగితంలో ఒకసారి వడపోయాలి. అన్నభేదిని విడిగా 20 మి.లీ. నీళ్లలో కరిగించి పోయాలి. జిగురును ముందురోజే 30 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, బెరడు ముక్కలు తీసేసి, వెనిగర్‌తో పాటు చివర్న కలపాలి.

అన్నభేది ఎరువుల అంగడిలో దొరుకుతుంది. లేత ఆకుపచ్చ పలుకులే ఏరుకోవాలి. పసుపు, తుప్పురంగు పొడి పట్టిందంటే గాలికి పాడైందే. పొదలకూరు వైపు నిమ్మతోటలకు అన్నభేది పిచికారీ చేసేవాళ్లు అందులో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలుపుతారు, ఇనుము పాడవకుండా. ఆ తెలివి సిరాకు పనికిరాదు. నిమ్మ ఉప్పు ఇనుమును తనవైపు లాక్కుని నలుపు పోగొడుతుంది. చొక్కా మీద పడ్డ ఈ సిరా మరకను నిమ్మరసం, ఉప్పు వదిలించేది అందుకే.

చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసం అలా వదలదు, కానీ చర్మానికి తగిలితే పొక్కులే. ఓటు వేసిన వేలి మీద సిరాది మరో దారి. అందులోది సిల్వర్ నైట్రేట్, వెలుతురు తగిలి చర్మంలోనే నల్లబడుతుంది. 1962 ఎన్నికల నుంచీ మైసూరు కర్మాగారం తయారీ.

పరీక్ష తేలికే. రాసి ఒకరోజు ఆరనిచ్చి, కాగితం ముక్కను గంటసేపు నీళ్లలో వేయాలి. అక్షరం నిలిస్తే కుదిరినట్టు. పాళీ కదలగానే లేతగా పడి తర్వాత ముదరడం ఈ సిరా స్వభావం, కంగారుపడి ఇంకా అన్నభేది వేయొద్దు. నోటుపుస్తకం కాగితంలో అక్షరం పీలికలుగా పాకితే జిగురు ఇంకో గ్రాము. పాళీ నుంచి దిగనని మొండికేస్తే జిగురు ఎక్కువైందని, కాస్త నీళ్లు చాలు.

ముంచి రాసే పాళీకే ఇది. ఫౌంటెన్ పెన్నులో పోస్తే జిగురు ఎండి గొంతు పూడుకుపోతుంది. వాడిన వెంటనే పాళీ కడిగి తుడవాలి, పులుపుకు తుప్పు పడుతుంది.

నిల్వకు 30 మి.లీ. సీసాలు, మెడ దాకా నింపి. లోపల గాలి మిగిలితే అడుగున మడ్డి. వాయుగుండాల కాలంలో, కార్తీకం నుంచి మార్గశిరం దాకా, లవంగాలు ఉన్నా బూజు రావచ్చు. వారానికోసారి మూత తీసి చూడాలి.

తర్వాతి విడత కరక్కాయ బదులు నల్లతుమ్మ కాయలతో. వాటిలో వగరు తక్కువ కాబట్టి 80 గ్రాములతో మొదలు, అన్నభేది మాత్రం 6 గ్రాములే.