పాంచజన్యం దారుకుడికి ఏం చెప్పింది?

గీతాజయంతి పారాయణల్లో ఏటా ఒకటే తంతు. మొదటి అధ్యాయం 12వ శ్లోకం రాగానే గొంతులు పరుగందుకుంటాయి. కృష్ణుడి పాంచజన్యం, ఆపైన పాండవుల దేవదత్తం, పౌండ్రం, అనంతవిజయం, సుఘోషం, మణిపుష్పకం... శంఖాల పేర్లే కదా అని దాటేస్తారు. అయ్యా, వ్యాసుడు ఊరికే పేర్లు పెట్టలేదు!

శంఖానికి వేళ్లు ఆడించే రంధ్రాలుండవు. పరిమాణాన్ని, లోపలి మెలికను బట్టి దాని నాదం దానిదే. ఊదింది ఎవరో, ఏ వైపున్నారో తెలిసిన చెవి పట్టేస్తుంది. ఆ గోలలో చెవికి అందనిది ధ్వజం చెబుతుంది. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవ వీరుల్ని రథాల మీది జెండాలతోనే గుర్తు చెప్పాడు. తిక్కనగారి సీసం తెలిసిందే: బంగారు వేదిక ద్రోణుడిది, సింహం తోక అశ్వత్థామది, తాటిచెట్టు భీష్ముడిది. కౌటిల్యుడైతే అర్థశాస్త్రం పదో అధికరణంలో సూటిగా చెప్పాడు: వ్యూహంలోని దళాలు విడిపోవడానికి, కలవడానికి, నిలవడానికి, కదలడానికి, మళ్లడానికి, కొట్టడానికి వాద్యఘోషతో, జెండాలతో సంకేతాలు ముందే ఏర్పరచాలని.

ఆ 'ముందే' అన్నదే ప్రాణం. అర్జునుడు సైంధవుణ్ణి వధించిన రోజుకు ముందు రాత్రి కృష్ణస్వామి తన సారథి దారుకుణ్ణి పిలిచి, రథం సిద్ధంగా ఉంచు, పాంచజన్యం ఋషభస్వరంలో, అంటే సరిగమల్లోని 'రి'లో, వినబడితే వేగంగా రా అన్నాడు. మర్నాడు సైంధవుడు కూలాక, రథం లేని సాత్యకి మీదికి కర్ణుడు వస్తుంటే స్వామి ఆ స్వరంలోనే ఊదాడు. అన్ని శంఖాలు, భేరులు మోగే చోట దారుకుడు దాన్ని పోల్చుకుని రథం తెచ్చాడు. రోజంతా ఆ ఒక్క పిలుపు కోసం చెవి ఒగ్గి ఉన్నాడన్నమాట. ఎంత ధన్యుడు!

అదే రోజు ధర్మరాజూ పాంచజన్యం విన్నాడు. గాండీవం చప్పుడు మాత్రం వినబడలేదు. అర్జునుడు పడిపోయాడేమోనని తల్లడిల్లి సాత్యకిని, ఆ తర్వాత భీముణ్ణి పంపేశాడు. తనకు రక్షణగా అర్జునుడు ఉంచి వెళ్లిన సాత్యకినే! అర్జునుడికి ఏమీ కాలేదు. శంఖనాదంలోనూ లోపం లేదు. దారుకుడితో ముందు రాత్రి కుదిరిన మాట ధర్మరాజుతో కుదరలేదు, అంతే.

మనమో, ఫోన్లో రికార్డు శంఖం పెట్టి హారతి పాటను దాని మీదే పాడేస్తాం. ఇంట్లో శంఖం ఉంటే నేర్చుకుని ఊదండి. బుగ్గలు ఉబ్బించి బలంగా ఊదితే గాలే వస్తుంది. పెదవులు బిగించి, సన్నని సందులోంచి గాలి వదిలి, ఆ పెదవులు అదిరితేనే నాదం పుడుతుంది. ఊదే శంఖంతో అభిషేకం చేయకండి, దానికి వేరేది ఉంచుకోండి. ఊదేటప్పుడు గంట, పాట, మాట ఆపండి. ఈసారి పారాయణలో 12 నుంచి 19 దాకా ఒక్కో శంఖం పేరు దగ్గర క్షణం ఆగండి. ఎనిమిది శ్లోకాలకు ఎంతసేపు పడుతుంది?