పాత కుట్టు మిషన్, 110 వోల్టుల మోటారు: కొనేముందు, కొన్నాక

పాత కుట్టు మిషన్ కనబడగానే కళ్లు పోయేది నల్లటి పోత ఇనుము మీదున్న బంగారు రంగు నగిషీ మీదికే. మోటారున్న మిషనైతే దానికన్నా ముందు చదవాల్సింది మోటారుకు బిగించిన చిన్న రేకు. వోల్టులు, ఆంపియర్లు లేదా వాట్లు, సైకిల్స్ (హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు దిశ మార్చుకుని ఆవృతం పూర్తి చేస్తుందో) దాని మీదే ఉంటాయి. అమ్మేవాళ్ల ఫొటోల్లో ఆ రేకు లేకపోతే అడిగి తెప్పించుకోండి. మోడల్ నంబరు చూసి వోల్టేజి ఊహించొద్దు. స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైన సింగర్ మిషన్లకు నంబరు చివర 'కె' ఉంటుంది, కానీ అదే మోడల్ ఏ దేశానికి వెళ్తే అక్కడి కరెంటుకు సరిపోయే మోటారుతో వెళ్లేది. రేకు మీద 110 నుంచి 120 దాకా ఉంటే ఉత్తర అమెరికా కరెంటు కోసం చేసినదని, 100 ఉంటే జపాన్‌ది అని అనుకోవచ్చు.

ఇలాంటి మోటారును మన ఇళ్లలోని 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ముందు మిషన్ బల్బు ఒక్క మెరుపు మెరిసి పోతుంది. మోటారు అదుపు తప్పి పరుగెడుతుంది, బ్రష్షుల (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కల) దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి, కాసేపటికి వైండింగ్ (మోటారు తీగ చుట్ల) వార్నిష్ మాడిన వాసన వస్తుంది. వోల్టేజి రెట్టింపైతే వేడి దాదాపు నాలుగింతలవుతుంది, అందుకే పెడల్ కూడా బతకదు. 230 వోల్టుల మోటారును 110లో పెడితే మాత్రం నీరసంగా తిరుగుతుందే తప్ప కాలిపోదు.

సైకిల్స్ సంగతికి కంగారు పడక్కర్లేదు. ఇంటి మిషన్ మోటార్లు దాదాపు అన్నీ బ్రష్షులున్న యూనివర్సల్ మోటార్లే. ఏసీ అయినా డీసీ అయినా, 50 అయినా 60 అయినా తిరుగుతాయి. టైలరింగ్ యూనిట్లలో బల్ల కింద ఉండే పెద్ద క్లచ్ మోటారు మాత్రం వేరే జాతి. అది ఇండక్షన్ మోటారు, అంటే బ్రష్షులు లేనిది, సైకిల్స్‌ను బట్టి వేగం ఉండేది. 60 సైకిల్స్‌కు చేసినదాన్ని 50లో నడిపితే వేగం ఆరో వంతు తగ్గుతుంది, వోల్టేజి సరిగ్గా ఇచ్చినా ఎక్కువ వేడెక్కుతుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కొనడం దండగ, మోటారే మార్చాలి.

ఇంటి మిషన్‌కు తేలిక దారి 230ని 110కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. లెక్క ఇలా వేసుకోండి: మోటారు 0.6 ఆంపియర్లు ఉంటే 110తో గుణిస్తే 66, బల్బుకు 15, మొత్తం 81. అంతకు అంత కొనకండి. మందపాటి గుడ్డ మీద కుట్టు మొదలుపెట్టినప్పుడు మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. 200 నుంచి 300 వీఏ (వోల్ట్-ఆంపియర్, పైన వేసిన లెక్క కొలతే) ఉన్నది తీసుకుంటే గంటలకొద్దీ కుట్టినా వేడెక్కదు. ప్రైమరీ (కరెంటు వచ్చే చుట్టు), సెకండరీ (బయటికి ఇచ్చే చుట్టు) విడివిడిగా చుట్టిన ఐసొలేషన్ రకమైతే ఇంకా మేలు. ఒకే చుట్టుతో చేసే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ తేలిగ్గా, చవగ్గా ఉంటుంది గానీ దాని అవుట్‌పుట్ మెయిన్స్ నుంచి విడిపడి ఉండదు. ఎర్త్ లేని రెండు పిన్నుల పాత ఇనుప మిషన్‌కు ఆ తేడా చిన్నది కాదు. పెడల్ ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత, 110 వైపే ఉండాలి. జపాన్ మిషన్‌కు 100 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నదే వెతకండి. 110 ఇస్తే మోటారు సర్దుకుంటుంది, బల్బు తొందరగా పోతుంది.

డయోడ్ (కరెంటును ఒకవైపే పారనిచ్చే చిన్న భాగం) చిట్కా గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది మోటార్లను నిదానంగా చంపుతుంది. "వైరులో ఒక డయోడ్ పెడితే సగం కరెంటు ఆగిపోతుంది, 230 కాస్తా 115 అవుతుంది" అంటారు. సగమయ్యేది పవర్, వోల్టేజి కాదు. సగం తరంగం కోసేస్తే మిగిలే ఆర్ఎంఎస్ వోల్టేజి (వేడి పుట్టించే లెక్కలో అసలు వోల్టేజి) 163. 110 మోటారుకు అది ఒకటిన్నర రెట్లు, వేడి రెండింతలకు పైనే. పది నిమిషాలు బాగానే నడుస్తుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది, పెద్ద పని పట్టుకున్న రోజున మోటారు పోతుంది. ఫ్యాను రెగ్యులేటరు, లైట్ డిమ్మరు కూడా వద్దు. మీట ఒక్కసారి చివరికి జరిగితే పూర్తి 230 మోటారు మీద పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్లదీ ఇదే బాపతు.

రెండో దారి మోటారు మార్చడం. ఇది మిషన్‌ను బట్టి ఉంటుంది. మోటారు వెనక బయట వేలాడుతూ, బెల్టుతో చక్రాన్ని తిప్పే రకమైతే (సింగర్ 15-90, 201-3 లాంటివి) ఒక్క స్క్రూతో ఊడి వస్తుంది. అదే 15-91, 201-2 లాంటివైతే మోటారు తలలోనే ఇమిడి గేర్లతో తిప్పుతుంది. బయట దొరికే మోటారు అక్కడ పట్టదు. రీవైండింగ్ చేయించవచ్చు గానీ, రెట్టింపు చుట్లు, అడ్డుకోత వైశాల్యం సగమే ఉండే సన్నటి తీగ ఆ ఇరుకు గాళ్లలో చుట్టేవాళ్లు దొరకాలి. నా మాట వింటే ఇలాంటి మిషన్‌ను ముట్టుకోకుండా ట్రాన్స్‌ఫార్మర్ మీదే నడపండి.

మోటారు మార్చేవాళ్లు బల్బునూ పెడల్‌నూ మరిచిపోతుంటారు. మూడూ ఒకే వోల్టేజివి కావాలి. బల్బు వైరు పెడల్‌కు ముందే కలవాలి, లేకపోతే కాలు నొక్కినప్పుడే దీపం వెలుగుతుంది. చక్రం పైభాగం కుట్టేవాళ్ల వైపు తిరగాలి. వెనక్కి తిరిగితే బ్రష్షులకు వెళ్లే రెండు వైర్లను తారుమారు చేస్తే సరిపోతుంది. బెల్టును వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దాకా లోపలికి పోవాలి. బిగుతు ఎక్కువైతే మోటారు బలమంతా బెల్టును లాగడానికే అయిపోతుంది, బుష్షులు అరుగుతాయి.

వోల్టేజి సరిపోయినా వైర్లు సరిపోకపోవచ్చు. వైరు మోటారులోకి దూరే చోట మెల్లగా వంచి చూడండి. పాత రబ్బరు అక్కడే ముందు ఎండుతుంది, వంచగానే బెరడులా పెచ్చులు రాలి లోపలి రాగి కనిపిస్తుంది. అలాంటిదానికి టేపు చుట్టడం వైద్యం కాదు, వైరు మొత్తం మార్చాల్సిందే. మల్టీమీటరును పెద్ద ఓమ్స్ రేంజిలో పెట్టి, ఒక కొస ప్లగ్గు పిన్నుకు, రెండోది మిషన్ మీద రంగు వేయని ఏదైనా స్క్రూకు ఆనించండి. రీడింగ్ ఏమీ రాకూడదు. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్ చూస్తే ఇంకా నమ్మకం.

పాత పెడల్ విప్పితే పింగాణీ దిమ్మలో నాణేల దొంతరలా పేర్చిన కార్బన్ బిళ్లలు కనిపిస్తాయి. కాలు నొక్కేకొద్దీ బిళ్లలు దగ్గరై కరెంటు పెరుగుతుంది, కాబట్టి పెడల్ కాస్త వెచ్చబడటం మామూలే. పెడల్ ముట్టకుండానే మిషన్ తనంతట తాను తిరిగితే చాలాసార్లు దోషం లోపలున్న పాత కెపాసిటర్‌ది. ఆ మైక్రోఫారడ్ విలువే ఉన్న ఎక్స్-2 తరగతి (మెయిన్స్ కరెంటుకు అడ్డంగా వేయడానికి తగిన రకం) కెపాసిటర్ వేయండి.

బ్రష్షులు 5 మిల్లీమీటర్లకు అరిగితే మార్చండి. కమ్యుటేటర్ (బ్రష్షులు ఒరుసుకునే, రాగి పట్టీల తిరిగే భాగం) నల్లబడితే సన్నటి గ్లాస్ పేపరుతో తుడవాలి. ఎమరీ కాగితం వద్దు, దాని పొడి కరెంటును పారనిచ్చి రాగి పట్టీల మధ్య షార్టు చేస్తుంది. గ్రీజు గొట్టాలున్న మోటారులో మిషన్ నూనె పోయకండి, అది జారి కమ్యుటేటర్ మీదికి చేరుతుంది.

మోటారు గొడవే వద్దనుకుంటే చేతి పిడి బిగించుకోవచ్చు. బయట మోటారు బిగించే బొడిపె చాలా మిషన్లలో పిడికీ పనికొస్తుంది. కానీ పిడి నాలుక చక్రం ఆకుల మధ్య దూరి తిప్పాలి, కాబట్టి బండి చక్రంలా ఆకులున్న చక్రం కావాలి. మోటారు మిషన్లలో చాలావాటికి నిండు చక్రం వస్తుంది. పిడి ఒక్కటే కొని తెచ్చుకుంటే పని జరగదు, అదే తలకు సరిపోయే ఆకుల చక్రం కూడా వెతుక్కోవాలి.