వెల్డు మీద రంగు ఇప్పుడే వద్దు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో బాయిలర్ల మరమ్మతు పనులు చూస్తుంటాను. ధాన్యం సీజన్ దగ్గరపడే కొద్దీ అందరికీ తొందరే. ఆ తొందరలో అన్నిటికన్నా ముందు పూర్తయ్యే పని రంగు వేయడం! ఈ మధ్య ఒక మిల్లుకు వెళ్లేసరికి కొత్త వెల్డులన్నిటికీ రెడ్ ఆక్సైడ్ పూసేశారు. బాయిలర్ నిండా నీరు నింపి, పీడనం ఎక్కించి లీకులు చూసే హైడ్రాలిక్ పరీక్ష ఇంకా కానేలేదు.

"తుప్పు పడుతుందని వేశాం సార్. అయినా పరీక్షలో పీడనం చూపే గేజీ ముల్లు కదలకుంటే చాలు కదా?" అన్నాడు మేస్త్రి.

చాలదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. ఆ బాయిలర్ పని పీడనం చదరపు సెంటీమీటరుకు 10.54 కిలోలు. పరీక్ష దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 15.81 దగ్గర. లోపల సుమారు 5,000 లీటర్ల నీరు. గాలి పూర్తిగా పోయాక, ఆ పీడనానికి నీరు కాస్త కుదించుకుపోతుంది కాబట్టి, దానికోసమే మూడున్నర లీటర్ల దాకా అదనంగా పంపు చేయాలి. ఏదో ఒక వెల్డు నుంచి నిమిషానికి ఒక్క చుక్క కారుతోందనుకోండి. అరగంటకు పోయేది మహా అయితే ఒకటిన్నర మిల్లీలీటర్లు. దానికి తగ్గే పీడనం ఒక కిలోలో నూరో వంతు కూడా ఉండదు. ఏ గేజీ ముల్లు అది చూపిస్తుంది? కన్నే చూడాలి. కంటికి వెల్డు కనబడాలి.

రంగు చేసే అన్యాయం ఏమిటంటే, సూదిబెజ్జమంత రంధ్రాన్ని చల్లటి నీటి ముందు అరగంట పాటు మూసి ఉంచగలదు. రేపు 185 డిగ్రీల ఆవిరి తగిలాక అదే రంగు మాడి ఊడిపోతుంది. లాగింగ్, అంటే వేడి పోకుండా చుట్టే ఉన్ని, చుట్టేస్తే మరీ ఘోరం. నీరు ఒక చోట కారి, ఉన్నిలో ఇంకి, ఇంకెక్కడో కింద బయటపడుతుంది.

రంగు తీయించేటప్పుడు గ్రైండర్ పట్టనివ్వలేదు. గ్రైండర్‌తో నున్నగా రుద్దితే లోహమే పరుచుకుని రంధ్రాన్ని మూసేయవచ్చు. రంగును కరిగించే ద్రావకం, వైరు బ్రష్షు చాలు.

పరీక్ష పీడనంలో ఉన్నంతసేపూ ఎవరినీ దగ్గరకు రానివ్వను. పని పీడనానికి దించాకే టార్చి పట్టుకుని వెళ్తాను. వెలుతురు ఏటవాలుగా వేస్తే తడి మెరుస్తుంది. ముసురు రోజుల్లో చల్లటి నీటికి షెల్ (బాయిలర్ బయటి ఉక్కు డొప్ప) అంతా చెమ్మగిల్లుతుంది. దాన్ని చూసి కంగారుపడనక్కరలేదు. పొడి గుడ్డతో తుడిచి ఆగాలి. గాలిలోని తేమ అయితే అంతటా సమంగా మళ్ళీ పడుతుంది. లీకు అయితే తుడిచిన చోటనే, ఒకే చుక్కగా పుట్టుకొస్తుంది.

షెల్ అడుగున, అడుగున చేరిన మడ్డిని బయటికి వదిలే బ్లోడౌన్ గొట్టం అతికిన వెల్డు దగ్గర అలాంటి చుక్కే కనబడింది. తుడిచాం, మళ్ళీ వచ్చింది. మేస్త్రి బోర్లా పడుకుని తానే రెండోసారి తుడిచి చూశాడు. పీడనం తీసేసి, నీళ్లు వదిలేసి, ఆ అతుకును లోపం పోయేదాకా చెక్కించి మళ్ళీ వెల్డు వేయించాను. పరీక్ష మొదటి నుంచి పెట్టాం.