ఎలుకకు ఇచ్చినది మామయ్యకు ఇవ్వవచ్చా?

మామయ్యకు కాలేయంలో గడ్డ ఉందని గత నెల కుడి భాగం తీసేశారు. ఇంటికి తెచ్చిన మూడో రోజున అత్తయ్య ఫోను చేసింది. "పెరట్లో నేల ఉసిరి ఉందమ్మా. పొద్దున్నే రసం తీసి ఇవ్వమంటున్నారు అందరూ. నువ్వు ఎలుకల మీద ఇవే పరీక్షలు చేశావు కదా, ఇవ్వనా?"

చేశాను. ఎం.ఫార్మసీలో ఆరు నెలలు అదే పని, కాలేయం కోసిన ఎలుకలకు మొక్కల సారాలు ఇచ్చి చూడటం. మత్తిచ్చిన ఎలుక పొట్ట కోసి, కాలేయం మధ్య లంబికను (కాలేయంలో విడివిడిగా ఉండే భాగాలే లంబికలు), ఎడమ లంబికను బయటికి తీసి, వాటి మొదలు దగ్గర పట్టు దారంతో బిగించాలి. ఇటుక రంగులో ఉన్నది చూస్తుండగానే నల్లబడుతుంది. అక్కడ కత్తిరిస్తే మూడింట రెండు వంతుల కాలేయం పోయినట్టే. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు చూపిన పద్ధతి ఇది.

తీసేసిన లంబికలు మళ్లీ మొలవవు. మిగిలినవే పెరిగి, వారం పది రోజుల్లో దాదాపు పాత బరువుకు చేరతాయి. మొదటిసారి చూసినప్పుడు, కుడి పక్కన నక్కి ఉండే చిన్న లంబిక పక్కటెముకల కింద నిండుగా కనిపించింది. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ ఎలుకకు మేము ఏ మొక్క సారమూ ఇవ్వలేదు. తాగే నీళ్లలో కాస్త గ్లూకోజు కలిపాం, అంతే.

మిగిలిన కొద్దిపాటి కాలేయం మీదికే పేగుల నుంచి వచ్చే రక్తమంతా వచ్చి పడుతుంది. ఆ ఒత్తిడికి కణాల్లో ఫ్రీ రాడికల్స్, అంటే కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులు, పెరుగుతాయి. మొక్కల యాంటీఆక్సిడెంట్లు వాటిని అణచి మేలు చేస్తాయని ఆశ. మిల్క్ థిజిల్ అనే ముళ్ల మొక్క గింజల్లోని సిలిబినిన్ అనే యాంటీఆక్సిడెంటు ఇస్తే, కాలేయం కోసిన ఎలుకల్లో కణ విభజనకు ముందు జరిగే డీఎన్‌ఏ తయారీ పెరిగిందని 1980లలోనే చూపారు. నాకు ఆ పరిశోధనల మీద గౌరవం ఉంది. కానీ కణం విభజన మొదలుపెట్టడానికి అందే సంకేతాల్లో ఆ రాడికల్స్‌కూ పాత్ర ఉంది కాబట్టి, వాటిని అణచడం ఎప్పుడూ మేలే అనలేం. పైగా అక్కడ ఇచ్చింది శుద్ధి చేసి, తూకం వేసిన పదార్థం. తీసుకున్నది ఏ జబ్బూ లేని పడుచు ఎలుక. మామయ్యకు అరవై దాటాయి, షుగరు మాత్రలు వేసుకుంటున్నాడు. ఏ రసం తాగినా దాన్ని అరాయించాల్సింది ఆ మిగిలిన కాలేయమే. వంటింటి పసుపునే గాఢమైన మాత్రలుగా మింగి కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు.

"వద్దు అత్తయ్యా. డాక్టరును అడగకుండా ఒక్క చుక్క కూడా ఇవ్వకు," అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నేనేం చేయను?" అంది. ఆ గొంతు విన్నాక పుస్తకాల మాటలేవీ చెప్పలేకపోయాను. పప్పు, గుడ్డు, పెరుగు డాక్టరు రాసిచ్చినంత మేరకు వేళకు పెట్టమన్నాను.

నిన్న రాత్రి మళ్లీ చేసింది. మామయ్య అడిగి మరీ ఇంకో ఇడ్లీ వేయించుకున్నాడట.