లాభం, రెండు, మూడు...

ఈసారి సంక్రాంతికి మా అపార్టుమెంటు పిల్లలకి క్విజ్ పెట్టాలనుకున్నారు. ప్రశ్నలు రాసే పని నా మెడకి చుట్టుకుంది. "పండగలు, పురాణాలు అంటే మీకు సరదా కదండీ, ఓ పాతిక రాసిచ్చెయ్యండి" అన్నారు. పాతికేగా, పూటలో అయిపోతుందనుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. ప్రశ్నలు దొరక్క కాదు. ఒక్కో ప్రశ్న దగ్గర కూలబడిపోయి లేవలేక.

మొదటిది తేలిగ్గానే వచ్చింది. వివేకానందులవారు పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి. మరి ఇప్పుడు మనకి పండగ 14నో 15నో ఎందుకొస్తోంది? మన సంక్రాంతి లెక్క నక్షత్రాలను పట్టుకుని నడుస్తుంది, గోడ మీది క్యాలెండరు ఋతువులను పట్టుకుని నడుస్తుంది. రెండు ఏడాదులకీ తేడా 20 నిమిషాలు. అలా సుమారు 70 ఏళ్ళకి ఒక రోజు చొప్పున పండగ ముందుకు జరుగుతూ పోతోంది. మన మునిమనవళ్ళు భోగిమంట మనకన్నా ఓ రోజు ఆలస్యంగా వేసుకుంటారన్నమాట.

రెండోది: పొద్దున్నే పాలల్లో పోసుకు తినే సీరియల్‌కి ఆ పేరు ఎవరిది? రోమన్ల పంటల తల్లి సెరీస్‌ది. గ్రీకులు ఆమెనే డిమీటర్ అన్నారు. ఇక్కడే మొదటిసారి కూలబడ్డాను.

డిమీటర్ కూతురు పెర్సెఫొనీ మైదానంలో పూలు కోసుకుంటూ ఉండగా నేల చీలింది. పాతాళానికి రాజైన హేడీస్ వచ్చి పిల్లని రథమెక్కించుకుపోయాడు. తల్లి తొమ్మిది రోజులు అన్నం నీళ్ళు మాని, రెండు చేతుల్లో కాగడాలతో వెతికింది. చివరికి ముసలమ్మ వేషంలో ఎల్యూసిస్ అనే ఊరి బావి దగ్గర కూర్చుంది. రాజుగారి పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి ద్రాక్షసారా ఇస్తే వద్దంది. బార్లీ పిండి, నీళ్ళు, పుదీనా లాంటి ఆకు కలిపి ఇవ్వమంది. పుట్టెడు దుఃఖంలో ఉన్న తల్లి గొంతు దిగింది ఆ జావ ఒక్కటే. ఆ ఏడాది భూమ్మీద ఒక్క విత్తూ మొలకెత్తలేదు. మనుషులు మాడారు సరే, దేవతలకీ నైవేద్యాలు ఆగిపోయాయి. అప్పుడు కదిలాడు దేవతలందరికీ పెద్ద, జ్యూస్ మహారాజు! కూతుర్ని పైకి పంపించారు గానీ, ఆ పిల్ల కింద ఒక దానిమ్మ గింజ తిని ఉంది. పాతాళంలో ఎంగిలిపడ్డందుకు ఏటా మూడోవంతు కాలం అక్కడే ఉండాలి. ఆమె కిందికి వెళ్ళినప్పుడు నేల బోసిపోతుంది, పైకి వస్తే పచ్చబడుతుంది.

చదువుతుంటే మన సీతమ్మ గుర్తురాకుండా ఎలా ఉంటుంది? సీత అంటేనే నాగటి చాలు. జనకుడు దున్నుతుంటే చాల్లో దొరికింది, చివరికి తల్లి ఒళ్ళోకే వెళ్ళిపోయింది. రామకథకి ముందే, ఋగ్వేదం నాలుగో మండలంలో, క్షేత్రపతి సూక్తంలో ఈ చాలుకి దండం పెట్టారు: "అర్వాచీ సుభగే భవ సీతే వందామహే త్వా". సీతా, దగ్గరకు రా తల్లీ, నీకు మొక్కుతున్నాం, మాకు మంచి పంటనివ్వు అని. అలాగని గ్రీకు కథ మన దగ్గర్నుంచి ఎత్తుకెళ్ళిందేనని నేననను. ఆ మాట వాట్సాప్‌లో రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు, వాళ్ళకే వదిలేద్దాం. నేలని నమ్ముకున్న వాళ్ళకి నేల కన్నతల్లిలా కనిపించడానికి ఎవరూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు.

జావా, బాలి దీవుల్లో వరిదేవత పేరు దేవి శ్రీ. పేరు మనకి పరాయిది కాదు, మన ధాన్యలక్ష్మి పేరే. ఆమె శరీరం నుంచే వరి మొలిచిందని అక్కడి కథ. అందుకని పూర్వం కొడవలితో కోసేవాళ్ళు కాదు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తి ఒకటుంటుంది, దాన్ని అనిఅని అంటారు. వేళ్ళ మధ్య దాన్ని దాచిపెట్టుకుని, కంకి వెనక కంకి, ఒక్కొక్కటే తుంచుతారు. కత్తి కనిపిస్తే అమ్మ బెదురుతుందట. కోతమిషన్లు వచ్చాక అక్కడా ఆ కత్తులు చాలావరకు మూలపడ్డాయి. ఎకరం కోయాలంటే ఎన్ని వేల కంకులు, ఎన్నిసార్లు కత్తి దాచుకోవాలి! ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో తలుచుకుంటుంటే నా అన్నం కంచం నాకే కొత్తగా కనిపించింది.

జపాన్‌లో నవంబరు 23న నీనామేసాయ్ అని ఒక క్రతువు. చక్రవర్తి కొత్తబియ్యాన్ని సూర్యదేవత అమతెరసుకి, తక్కిన దేవతలకి నివేదించి, ఆ తర్వాత తాను తింటాడు. కొత్త చక్రవర్తి పట్టానికొచ్చాక మొదటిసారి చేసేదాన్ని దైజోసాయ్ అంటారు. నరుహితో 2019 నవంబరు 14 రాత్రి మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా చేశారు. ఆ బియ్యం ఏ ప్రాంతాల నుంచి రావాలో తాబేటి చిప్పని కాల్చి, దానిమీద పడిన పగుళ్ళు చూసి తేల్చారు. అంత దూరం దేనికి, మన పక్కనే పశ్చిమ ఒడిశాలో వినాయక చవితి మర్నాడు నువాఖాయి చేస్తారు. నువా అంటే కొత్త, ఖాయి అంటే తినడం. సంబల్‌పూర్ సమలేశ్వరి అమ్మవారికి లగ్నం చూసి కొత్తబియ్యం పెట్టాకే ఇళ్ళల్లో నోట్లో వేసుకుంటారు.

ఇన్ని రాశాక ఒకటి తట్టింది. ఏ దేశంలో చూసినా పండించినవాడు మొదటి ముద్ద తను తినడం లేదు. ఆ రాత్రే గీత తీశాను. మూడో అధ్యాయం, పదమూడో శ్లోకం.

యజ్ఞశిష్టాశినః సంతో ముచ్యంతే సర్వకిల్బిషైః ।
భుంజతే తే త్వఘం పాపా యే పచంత్యాత్మకారణాత్ ॥

యజ్ఞం చేయగా మిగిలినది తినేవాళ్ళు పాపాలన్నిటి నుంచీ విడివడతారు. తమ కోసమే వండుకునేవాళ్ళు తినేది పాపాన్నే. చిన్నప్పుడు ఈ శ్లోకం వింటే కోపమొచ్చేది. ఒంటరిగా ఉన్నవాడు వండుకు తింటే పాపమేమిటి? శంకరుల భాష్యం చూశాక కాస్త మెత్తబడ్డాను. కిల్బిషం అంటే ఆయన చూపించింది వంటింటినే: పొయ్యి మొదలైన ఐదు చోట్లు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళబిందె, వీటి దగ్గర మనకి తెలియకుండానే ఎన్నో ప్రాణాలు పోతాయి. వాటిని పంచసూనలు అంటారు. అంటే పాపం ఒంటరిగా తినడంతో మొదలవడం లేదు. అన్నం వండటంలోనే కాస్త అంటుకుని ఉంది. అది పోవాలంటే దేవుడికి, పితరులకి, అతిథికి, పశుపక్ష్యాదులకి తీసి పెట్టి, మిగిలినది తినాలి. ఋగ్వేదం పదో మండలంలో ఇదే మాట ఇంకా కరుగ్గా ఉంది: "కేవలాఘో భవతి కేవలాదీ". ఒక్కడే తినేవాడికి మిగిలేది పాపమొక్కటే.

తీసి పెట్టడం అనేసరికి పరిగ గుర్తొచ్చింది. కోత అయ్యాక చేలో రాలిపోయిన కంకుల్ని ఏరుకోవడమే పరిగ ఏరడం. బైబిల్లో రూతు చేసింది ఈ పనే. మోయాబు పిల్ల, భర్త పోయాడు, అత్త నయోమితో కలిసి ఊరుకాని ఊరు బేత్లెహేము వచ్చింది. పొలం అంచులదాకా కోయకూడదని, రాలినది పేదలకీ పరదేశులకీ వదలాలని లేవీయకాండం శాసనం. ఆ అంచు ఎంతుండాలని తర్వాతి యూదు పండితులు లెక్క కట్టారు: అరవయ్యోవంతుకి తగ్గకూడదు. రూతు పరిగ ఏరిన పొలం ఆసామి బోయజు ఇంకో అడుగు ముందుకేశాడు. కట్టల్లోంచి కొన్ని కంకులు కావాలనే లాగి పడేయండి, ఆ పిల్లని ఏమీ అనకండి అని పనివాళ్ళకి చెప్పాడు. ఇచ్చినట్టు ఉండకూడదు, ఆమెకి దొరికినట్టు ఉండాలి. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన చోటిదే. దావీదు మహారాజుకి ఈ రూతే ముత్తవ్వ.

మన దగ్గర పరిగ ఏరుకుని బతకడాన్ని ఉంఛవృత్తి అన్నారు, దాన్నో తపస్సుగా చూశారు. అశ్వమేధ పర్వంలో ధర్మరాజు యాగం ముగుస్తుండగా సగం ఒళ్ళు బంగారమైన ముంగిస వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలో ఒక బ్రాహ్మణుడి పేలపిండికి సాటిరాదు పొమ్మంటుంది. కరువులో గింజ గింజ ఏరి, పిండి విసిరి, ఆ బ్రాహ్మణుడు, భార్య, కొడుకు, కోడలు నలుగురూ నాలుగు వాటాలు వేసుకుని తినబోతుంటే అతిథి వచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు, కోడలిదాకా, తమ వాటా ఇచ్చేశారు. అక్కడ పొర్లితే ముంగిసకి సగం ఒళ్ళు బంగారమైంది. మిగతా సగం కోసం యాగాలన్నీ తిరుగుతోంది. ధర్మరాజు దగ్గరా అవలేదు. యాగానికి అంత ఖర్చుపెట్టినవాడి ముఖం ఆ క్షణంలో ఎలా ఉందో!

మా అమ్మమ్మది కోనసీమ. పండగ ముందు కొత్త కంకుల్ని కుచ్చుగా అల్లించి వీధి వసారా దూలానికి కట్టించేది. పొద్దున్నే పిచ్చికలు తలకిందులుగా వేలాడుతూ గింజ ఒలుచుకు తినేవి. ఊక మన నెత్తిన రాలేది. విసుక్కుంటే, "అవి తినగా మిగిలిందేరా మనకి" అనేది. ఆవిడకి శ్లోకం వచ్చో రాదో నేనెప్పుడూ అడగలేదు. ఈ ఏడు నేనూ ఊరి నుంచి ఒక కుచ్చు తెప్పించి బాల్కనీలో కట్టాను. పిచ్చిక ఒక్కటీ రాలేదు. పావురాలు వచ్చాయి. రెండు రోజుల్లో గడ్డి మిగిల్చి, కింద ఫ్లాటువాళ్ళు ఆరేసుకున్న బట్టలన్నీ పాడుచేసి పోయాయి. క్షమాపణ చెప్పి, అరిసెలు ఇచ్చి వచ్చాను.

పాతికో ప్రశ్న తాతయ్య కళ్ళం నుంచి తీసుకున్నాను. తూర్పారబట్టిన రాశి ముందు ఆయన కుంచం పట్టుకుని కూర్చునేవారు. గింజ ఇల్లు చేరకముందే చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేరలు కొలిచేవారు. ఆ లెక్కలో ఒకటి అనేది లేదు. ఏడు వినబడకూడదు, ఏడుపు గుర్తొస్తుందని "ఆరున్నొకటి" అనేవారు. క్విజ్‌లో అడిగింది ఇదీ: కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఏమని లెక్కపెడతారు?

దైజోసాయ్ చెప్పిన పిల్లలు, సెరీస్ చెప్పిన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గేటు వైపు నుంచి, టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మా వాచ్‌మన్ అన్నాడు, "లాభం".

బహుమతికని పెట్టిన చాక్లెట్ల డబ్బా ఆయన చేతికే ఇచ్చాం. ఆయన అక్కడే మూత తీసి, చుట్టూ మూగిన పిల్లలందరికీ తలా ఒకటి పెట్టాడు. అడుగున మిగిలిన రెండూ చొక్కా జేబులో వేసుకుని, ఖాళీ డబ్బా నాకు తిరిగిచ్చి గేటు దగ్గరకు వెళ్ళిపోయాడు.